ఇంజనుకు ముసుగు

చిన్న విమానాన్ని దగ్గరగా చూచిన శ్రోతలకు జ్ఞాపకం ఉండవచ్చును. ముందున ప్రొపెల్లరు, దాని వెనుక నున్నని మూతి, ఆ మూతికి ఇరువైపుల ముక్కుపుటాలవంటి రెండు రంధ్రాలు. ఆ మూతి విమానంలో అంతర్భాగంగా కనిపిస్తుంది గాని నిజానికి అది వేరు. అవసరమైనప్పుడు విప్పి పక్కన పెట్టవచ్చును. ఇంగ్లీషులో దానిని కౌలింగ్ అంటారు. కౌల్ అనగా క్రైస్తవ సన్న్యాసులు తలమీదుగా వేసుకొనే ముసుగు. మనం దానిని ఇంజను ముసుగు అనుకొనవచ్చును. కార్ఖానాలో పనిచేసేవారు మాత్రం కౌలింగ్ అనే అంటారు. ఈ ప్రసంగంలో నేను రెండు మాటలూ వాడుతాను.

కొన్ని ఏండ్ల క్రిందట వేరొక కార్యక్రమం నిమిత్తం ఒక విమానశాలకు వెళ్ళినప్పుడు అక్కడి మెకానిక్కు ఈ ముసుగును విప్పి, ఇంజను చూచి, తిరిగి బిగిస్తూ ఉన్నాడు. ఇంజను పరీక్షకు పట్టిన కాలంకన్న ముసుగు బిగించడానికి పట్టిన కాలమే ఎక్కువ. కారు బోనెట్టు మూసినట్టు దీనిని కూడ టప్పున మూయరాదా అని అడిగినాను. అతడు నవ్వి, లోపలి అంచున ఉన్న రబ్బరు పట్టీని చూపి, ఇది ఒక్కచోట వెనుకకు మడతపడితే పైకి ఎగిరిన పది నిమిషాలకు ఇంజను మాడుతుంది అన్నాడు. మూత అనుకొన్నది మూత కాదని నాకు అప్పుడు తెలిసినది. దానికి ఒక చరిత్ర ఉన్నదని తరువాత చదువుకొన్నాను.

మొట్టమొదటి విమానాలకు ముసుగు లేదు. 1903 డిసెంబరు 17వ తేదీన రైట్ సోదరులు ఎగురవేసిన యంత్రంలో పన్నెండు గుర్రాల శక్తిగల ఇంజను క్రింది రెక్కమీద, పడుకొన్న చోదకుని ప్రక్కన, బట్టకట్టని బిడ్డవలె ఉండేది. దానిని వారి దుకాణంలో పనివాడైన చార్లీ టేలర్ సుమారు ఆరు వారాలలో తయారుచేసినారు. ఆ సోదరులు సైకిళ్ళ వ్యాపారులు. సొంత డబ్బుతో, సొంత చేతులతో, సొంత దుకాణంలో కట్టుకొన్న విమానం అది. కాబట్టి ఇంటిలో కట్టుకొనే విమానాల వంశవృక్షానికి మూలపురుషులు వారే అనడంలో అతిశయోక్తి లేదు. 1909 జూలై 25న బ్లెరియో ఇంగ్లీషు కాలువను దాటినప్పుడు కూడ ఆయన ఎదుట మూడు సిలిండర్ల ఆంజానీ ఇంజను బట్టబయలుగానే ఉండినది. అది త్వరగా వేడెక్కుతుందని పేరుపడిన ఇంజను. దారిలో పడిన ఒక వానజల్లు దానిని చల్లార్చి ఆయనను గట్టెక్కించినదని ఒక కథ వాడుకలో ఉన్నది. కథ మాట ఎట్లున్నా, గాలితో చల్లబడే ఇంజనుకు గాలి తగలవలెనంటే దానిని కప్పరాదు అనే నమ్మకం ఆనాటి వారిలో ఎంత గాఢంగా ఉండేదో దానివల్ల తెలుస్తుంది.

అయినప్పటికి ముసుగు వచ్చినది. వచ్చిన కారణం వేగమూ కాదు, చల్లదనమూ కాదు. ఆముదం!

1909లో ఫ్రాన్సుదేశంలో సెగెన్ సోదరులు నోమ్ అనే పేరుతో ఒక విచిత్రమైన ఇంజనును అమ్మకానికి తెచ్చినారు. అందులో ఏడు సిలిండర్లు చక్రపు ఆకులవలె అమర్చి ఉంటాయి. సాధారణమైన ఇంజనులో సిలిండర్లు నిలిచి ఉంటే ఇరుసు తిరుగుతుంది. ఇందులో ఇరుసు నిలిచి ఉంటుంది, సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతోపాటు గిరగిర తిరుగుతాయి. ఆ తిరుగుడువల్లనే వాటికి గాలి తగిలి చల్లబడతాయి. పెట్రోలు ఆవిరి బోలు ఇరుసుగుండా ఇంజను కడుపులోకి వచ్చి, అక్కడినుంచి సిలిండర్లకు పోవలెను. అక్కడ మామూలు ఖనిజతైలం వాడితే పెట్రోలు దానిని కరగించి పలుచన చేస్తుంది. పెట్రోలులో సులభంగా కలియని చమురు ఆముదం. అందుచేత ఆముదం పోసినారు. ఒకసారి పనిచేసిన ఆముదం మళ్ళీ తొట్టెలోకి తిరిగి రాదు. తిరిగే సిలిండర్లు దానిని నలుదిక్కులకు చిమ్ముతాయి. వెనుక కూర్చున్న చోదకుని ముఖం, కళ్ళద్దాలు, మెడకు చుట్టుకొన్న గుడ్డ, అన్నీ ఆముదమే. ఆ పొగను పీల్చి పీల్చి వారి కడుపులు పడిన అవస్థను గురించి ఆకాశవాణి మర్యాదకు భంగం లేకుండ ఇంతకన్న చెప్పలేను.

ఆ చిమ్ముడును ఆపడానికి ఇంజను చుట్టూ రేకుతో ఒక గిన్నెవంటి తొడుగు వేసినారు. క్రింది భాగం తెరిచి ఉంచినారు, కారిన ఆముదం క్రిందనుంచి పోవడానికి. 1914–18 యుద్ధంలో పేరుపొందిన సాప్‌విత్ కామెల్ మొదలైన విమానాల ముక్కున కనిపించే గుండ్రని పళ్ళెంవంటి తొడుగు ఇదే. ఆ కాలంలో ప్రపంచపు విపణికి ఆముదపు గింజలు ముఖ్యంగా మన దేశంనుంచే పోయేవి. నల్లగొండ, మహబూబునగరం జిల్లాల చెలకల్లో ఆముదపు పంట నాడు విస్తారం. మన రైతు బండి ఇరుసుకు కందెనగా వేసే ఆముదమే ఐరోపాలో విమానపు ఇరుసును కూడ నడిపినదన్న సంగతి తలచుకొంటే నాకు కొంచెం నవ్వూ కొంచెం గర్వమూ కలుగుతాయి.

యుద్ధం ముగిసిన తరువాత తిరిగే సిలిండర్ల ఇంజను మూలపడినది. దాని స్థానంలో సిలిండర్లు నక్షత్రంవలె నిలిచి, ఇరుసు తిరిగే రేడియల్ ఇంజను వచ్చినది. ఇక ఆముదం చిమ్మే బాధ లేదు. తొడుగు అవసరం తీరినదనుకొని తీసివేసినారు. 1927 మే 20, 21 తేదీలలో లిండ్‌బర్గ్ న్యూయార్కునుంచి పారిస్‌కు ముప్పదిమూడున్నర గంటలు ఏకధాటిగా ఎగిరిన విమానం ఛాయాచిత్రాన్ని చూడండి. ముక్కుమీద రేకు తళతళ మెరుస్తుంది, దానిపై సుడులు సుడులుగా నగిషీ కూడ ఉన్నది. కాని తొమ్మిది సిలిండర్ల తలలూ ఆ రేకులోనుంచి బయటకు పొడుచుకొని ఉంటాయి. చల్లదనానికి అది తప్పదని అందరి అభిప్రాయం.

ఆ తలలకు మూల్యం ఎంత? గాలిలో అడ్డంగా నిలిచిన ప్రతి వస్తువూ విమానాన్ని వెనుకకు లాగుతుంది. ఈ వాయునిరోధాన్ని జయించడానికి ఇంజను శక్తిలో ఒక భాగం వ్యర్థమవుతుంది. ఎంత వ్యర్థమవుతున్నదో కొలిచినవారు లేరు, ఎందుకంటే కొలవడానికి సాధనం లేదు. చిన్న చిన్న బొమ్మ విమానాలను గాలిసొరంగంలో పెట్టి పరీక్షించేవారు గాని, నిజమైన ఇంజను నిజంగా తిరుగుతూ వేడెక్కుతూ ఉండగా పరీక్షించడానికి వీలుండేది కాదు. 1926లో అమెరికా నౌకాదళపు విమానశాఖ జాతీయ విమానశాస్త్ర సలహాసంఘాన్ని ఈ విషయం పరిశోధించుమని కోరినది. ఆ సంఘాన్ని పొడి అక్షరాలతో నాకా అని పిలిచేవారు. మరుసటి ఏడు వర్జీనియా రాష్ట్రంలోని లాంగ్లీ పరిశోధనాలయంలో ఇరువది అడుగుల వ్యాసంగల గాలిసొరంగం సిద్ధమైనది. విమానం మూతి మొత్తం, ఇంజనుతో, ప్రొపెల్లరుతో సహా అందులో పట్టేది.

ఆ సొరంగానికి అధికారి ఫ్రెడ్ వీక్ అనే యువ ఇంజనీరు, వయస్సు ముప్పదికి లోపు. ఆయనా, ఆయన సహచరులూ ఒక వర్ల్‌విండ్ ఇంజనుకు పది రకాల ముసుగులు తయారుచేసినారు. ఒకటవది దాదాపు నగ్నంగా విడిచినది. అక్కడినుంచి కొంచెం కొంచెంగా కప్పుతూ పోయి, పదవదానిలో ఇంజనును పూర్తిగా లోపల దాచినారు. మామూలు లెక్కప్రకారం పదవ ముసుగు ఇంజనును మాడ్చివేయవలెను. మొదట నిజంగానే చాలినంత చల్లదనం కుదరలేదు. వారు విడువలేదు. ముసుగులోపల రేకులతో దారులు కట్టి, లోపలికి వచ్చిన గాలి అటూ ఇటూ దిక్కుతోచక తిరుగకుండ సిలిండర్లను, వాటి చుట్టూ ఉండే పలుచని ఫిన్లను ఒరసుకొంటూ పోయేటట్టు చేసినారు. మార్పుమీద మార్పు చేయగా చేయగా ఇంజను చల్లగా నడిచినది. వాయునిరోధం చూస్తే, ఏ ముసుగూ తేనంతగా తగ్గిపోయినది!

కప్పితే వేడెక్కుతుందని భయపడిన వస్తువు కప్పినతరువాతనే సరిగా చల్లబడింది. ఇందులో మాయ లేదు. బయట నిలిచిన సిలిండరుకు ముందువైపున గాలి విపరీతంగా తగులుతుంది. వెనుకవైపున గాలి తెగి సుడులు తిరుగుతుంది. అక్కడ వేడి అట్లే నిలిచిపోతుంది. గాలి చాలా ఎక్కువ, ఉపయోగం చాలా తక్కువ. ముసుగులో దూరే గాలి కొలతలో తక్కువైనా, దారి తప్పకుండ సిలిండరు వెనుకకు కూడ పోతుంది. ఇంత స్పష్టంగా ఇప్పుడు చెప్పగలుగుతున్నాము గాని, ఆ పది ముసుగులు చేసిననాడు ఆ ఫలితానికి కారణం వారికే పూర్తిగా తెలియదు. ముందు పని జరిగినది. సిద్ధాంతం 1930ల దశకంలో థియోడోర్సెన్ మొదలైన వారి పరిశోధనలతో నెమ్మదిగా వచ్చినది.

1928లో వీక్ ఈ ఫలితాలను ప్రకటించినారు. కర్టిస్ హాక్ అనే సైనిక విమానానికి ముసుగు తొడిగి ఎగురవేస్తే దాని వేగం గంటకు 118 మైళ్ళనుంచి 137 మైళ్ళకు పెరిగినది. అదే ఇంజను, అవే రెక్కలు, అదే పెట్రోలు. ఆ పందొమ్మిది మైళ్ళను ఇంజను పెంచి సాధించవలెనంటే మరి ఎనభైమూడు గుర్రాల శక్తి కావలసి వచ్చేదని లెక్కకట్టినారు. 1929 ఫిబ్రవరిలో ఫ్రాంక్ హాక్స్ అనే చోదకుడు ముసుగు తొడిగిన లాక్‌హీడ్ ఎయిర్ ఎక్స్‌ప్రెస్‌లో లాస్ ఏంజిలిస్‌నుంచి న్యూయార్కుకు పదునెనిమిది గంటల పదమూడు నిమిషాలలో చేరినారు. ఆ రోజులకు అది రికార్డు. ఆ విమానపు గరిష్ఠవేగం ముసుగువల్ల 157నుంచి 177 మైళ్ళకు పెరిగినది. విమానరంగంలో ఆ ఏటి మేటి కృషికిచ్చే కొలియర్ బహుమానం 1929 సంవత్సరానికి ఈ ముసుగుకే లభించినది. ఇంగ్లండులో టౌనెండ్ అనే శాస్త్రజ్ఞుడు అదే కాలంలో సిలిండర్ల చుట్టూ తొడిగే ఒక వలయాన్ని రూపొందించినారు. తేలిక, చవుక, కొంతకాలం బాగా వాడుకలో ఉన్నది. పూర్తి ముసుగు ముందు మాత్రం నిలువలేదు.

విజయగాథలు చెప్పేవారు సాధారణంగా ఇక్కడ ఆపుతారు. దీని తరువాయి నాకు మరింత ఇష్టం. ఒక మూడు ఇంజనుల ఫాకర్ విమానానికి ఈ ముసుగులే తొడిగి పరీక్షిస్తే లాభం దాదాపు కనిపించలేదు. పరిశోధకులు ఖిన్నులైనారు. రెక్క క్రింద వేలాడే ఇంజనుకూ రెక్కకూ మధ్య గాలి నలిగి సుడులుపడడమే కారణమని తరువాత తేలినది. ఇంజనును ఎక్కడ పెట్టవలెనో వెదకగా వెదకగా, రెక్క ముందంచులోనే పొదిగితే మేలని తేలినది. తరువాతి కాలపు డకోటాలో ఇంజనులు ఉన్న చోటు అదే. ముసుగు సరిపడలేదన్న ఒక చిక్కు విమానాల ఆకారాన్నే మార్చివేసినది.

ఇక వీక్ సంగతి. బహుమానం పొందిన పరిశోధనాలయపు ఉద్యోగి సాయంకాలం ఇంటికి వచ్చి ఏమిచేస్తాడు? కొందరు సహోద్యోగులను కూర్చుకొని, తీరికవేళల్లో, సొంత ఖర్చుతో ఒక చిన్న విమానాన్ని కట్టినారు. దాని పేరు డబ్ల్యు-1. 1934లో అది ఎగిరినది. సామాన్యుడు సులభంగా, అపాయం లేకుండ నడపగల విమానం కావలెనని ఆయన పట్టుదల. మూడు చక్రాలలో ఒకటి ముక్కు క్రింద ఉండే అమరిక దానిది. తమాషా ఏమంటే దాని ముక్కున ఇంజనే లేదు, ఇంజను వెనుక ఉన్నది! దానినుంచి పుట్టినదే ఎర్‌కూప్ అనే విమానం. చాల ఏండ్ల తరువాత పైపర్ సంస్థకోసం చెరోకీ అనే విమానాన్ని రూపొందించిన ముగ్గురిలో వీక్ ఒకరు, జాన్ థార్ప్ ఒకరు. ఈ థార్ప్ పేరు శ్రోతలు జ్ఞాపకం ఉంచుకోవలెను.

ఇంటిలో విమానం కట్టడం ధనికుల వినోదమని అనుకొంటాము. చరిత్ర అట్లు చెప్పదు. శాంటోస్ డ్యూమో తన డెమాయ్‌సెల్ విమానపు నమూనాలను ఎవరైనా కట్టుకొనండని లోకానికి విడిచిపెట్టినారు. 1910లో ఒక అమెరికా పత్రిక వాటిని అచ్చువేసినది. మిన్నసోటా పల్లెటూరిలో పీటెన్‌పోల్ అనే మెకానిక్కు 1929 ప్రాంతంలో ఫోర్డు మోటారుకారు ఇంజనును విమానానికి బిగించినారు. దాని రేడియేటరు చోదకుని కళ్ళకు ఎదురుగా నిటారుగా నిలబడి ఉంటుంది. దాని పక్కలకు తొంగిచూస్తూ నడపవలెను. ఫ్రాన్సులో మినే 1934లో ఒక పుస్తకం వ్రాసి, పెట్టెను మేకులతో బిగించగలవాడు విమానం కట్టగలడన్న ధైర్యం వేలమందికి కలిగించినారు. ఆ ధైర్యం కొందరి ప్రాణాలు తీసినది. ఆయన విమానంలో ముందురెక్కా వెనుకరెక్కా ఒకదానిగాలికి ఒకటి లోబడి, ఒకసారి ముక్కు క్రిందకు వాలితే మళ్ళీ లేచేది కాదు. పెద్ద గాలిసొరంగాలలో పెట్టి చూచిన తరువాతగాని ఆ దోషం బయటపడలేదు. ప్రభుత్వాలు నిషేధించినవి.

అమెరికాలో కూడ 1930లలో చట్టాలు బిగిసినవి. సొంతంగా కట్టిన విమానానికి అనుమతి దొరకడం దుర్లభమైనది. జార్జి బొగార్డస్ అనే ఆరెగాన్ రాష్ట్రవాసి 1947లో తన చిన్న విమానంలో ఖండాన్ని అడ్డంగా దాటి రాజధానికి వెళ్ళి, ఇంటివిమానం భద్రంగా ఎగురగలదని అధికారులకు కళ్ళెదుట చూపినారు. 1950ల ఆరంభానికి చట్టం సడలినది. కట్టేవాడు పనిలో పెద్దపాలు తానే చేయవలెను. వినోదానికో విద్యకో చేయవలెను గాని అమ్మకానికి కాదు. 1953 జనవరిలో పాల్ పోబెరెజ్‌నీ ప్రభృతులు విస్కాన్సిన్ రాష్ట్రంలో ప్రయోగాత్మక విమాన సంఘాన్ని స్థాపించినారు. 1964లో థార్ప్ రూపొందించిన టి-18 అనే రేకువిమానం ఎగిరినది. దానినే ఇంటిలో కట్టుకొని డొనాల్డ్ టేలర్ 1976లో భూగోళాన్ని చుట్టివచ్చినారు. ఇంటిలో కట్టిన విమానం ప్రపంచాన్ని చుట్టిరావడం అదే మొదలు.

అటువంటి గృహస్థుడు కట్టిన విమానానికి ముసుగు ఎట్లు తొడుగుతాడు? రెక్కలూ, తోకా, తొట్టీ అన్నీ అయిపోయిన తరువాత వచ్చే పని ఇది. ఇంక నాలుగు రోజుల్లో ఎగురుతానని ఉవ్విళ్ళూరుతూ ఉంటాడు. ఈ పని నాలుగు రోజుల్లో తెమలదు, చాలమందికి నెలలు పడుతుంది.

పూర్వం ముసుగు అల్యూమినియపు రేకుతో చేసేవారు. వంపులు తిరిగిన మూతికి రేకును ఇసుకసంచిమీద పెట్టి కొయ్యసుత్తితో సాగగొట్టవలెను. కంచరి బిందె కొట్టడం చూచినవారికి ఈ పని కొత్త కాదు. కొట్టిన కొద్దీ లోహం బిరుసెక్కుతుంది. బిరుసెక్కినది ఇంకా కొడితే పగులుతుంది. కనుక మధ్యమధ్య కాల్చి మెత్తబరచవలెను. ఇత్తడి కాలినప్పుడు ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం ఎర్రబడదు, కరగేదాక మౌనంగా ఉండి ఒక్కసారిగా జారిపోతుంది. అందుచేత పనివారు ఒక ఉపాయం పన్నినారు. ముందు ఎసిటిలీన్ మంట పొగతో రేకుకు మసి పూస్తారు. తరువాత మంటను సరిచేసి కాలుస్తారు. మసి కాలిపోయి మాయమైన క్షణమే చాలినంత వేడి. ఈ మసికాటుక చిట్కాను ఎవరు కనిపెట్టినారో గాని, చేతిపనివారి తెలివికి నేను చేయెత్తి నమస్కరిస్తాను.

తరువాత ఫైబర్‌గ్లాస్ వచ్చినది. నురుగుదిమ్మతో మూతి ఆకారాన్ని చెక్కి, గాజునార బట్టను రెజిన్‌లో తడిపి పొరపై పొర వేసి, ఎండిన తరువాత చిప్పను ఊడదీస్తారు. నేడు విడిభాగాలు అమ్మేవారు ఈ చిప్పలను సిద్ధంగానే పంపుతారు, పైదొకటి, క్రిందిదొకటి. సిద్ధంగా వచ్చినవి గదా అనుకొంటే పొరపాటు. అంచులన్నీ కావాలనే ఎక్కువ వదిలి ఉంటాయి. కట్టేవాడు కోసుకోవలెను. ఎక్కడ కోయవలెనో గీటు ఉండదు.

మొదట ప్రొపెల్లరు మొలకు తొడిగే శంఖువువంటి స్పిన్నరు వెనుకపళ్ళెం బిగిస్తారు. దానికీ ముసుగు ముందరి అంచుకూ నడుమ సుమారు పావు అంగుళం సందు ఉండవలెను. ఆ మందంగల కొయ్యముక్కలను మధ్య పెట్టి, పై చిప్పను దాని ఆనుపున నిలుపుతారు. వెనుక అంచు ఫైర్‌వాల్ మీదికి వస్తుంది. ఇంజనుకూ మనిషికీ నడుమ నిలిచే ఉక్కురేకు గోడ అది. ఇంజనులో నిప్పు పుడితే మనిషికి కొద్ది నిమిషాల ఆయువు ఇచ్చేది అదే. ఆ అంచును కొంచెం కోసి, పెట్టి చూచి, తీసి, మరికొంచెం రాపాడి, మళ్ళీ పెట్టి చూచి, ఇట్లు ముప్పదిసార్లో నలుబదిసార్లో చేయవలెను. ఒక్కసారి ఎక్కువ కోసినవాడు మళ్ళీ రెజిను కలుపుకొని కూర్చోవలసినదే.

ఇంజను రబ్బరు దిమ్మలమీద కూర్చుంటుంది. దాని బరువుకు రబ్బరు కాలక్రమాన అణగుతుంది. ఈ రోజు స్పిన్నరూ ముసుగూ సమరేఖలో ఉన్నవని మురిసిపోతే, ఏడాదికి స్పిన్నరు క్రిందికి జారి వంకరగా కనిపిస్తుంది. అనుభవజ్ఞులు స్పిన్నరును మొదటనే కొంచెం ఎత్తుగా, అంగుళంలో పదహారవ వంతో ఎనిమిదవ వంతో పైన ఉండేటట్టు చూచుకొని ముసుగు బిగిస్తారు. ఇంకొకటి: ఇంజను ప్రారంభించేటప్పుడూ ఆపేటప్పుడూ గంగిరెద్దువలె తల ఊపుతుంది. ఆ ఊపుకు ముసుగు తగలకుండ అర అంగుళమైనా చోటు విడువవలెను.

గాలి దారి మాట. ఇంటివిమానాలలో సాధారణంగా ఉండే లైకమింగ్, కాంటినెంటల్ ఇంజనులలో సిలిండర్లు ఎదురెదురుగా పడుకొని ఉంటాయి. ముందరి రెండు రంధ్రాలలోనుంచి వచ్చిన గాలి ఇంజనుపైన చేరి, ఒత్తిడి పెంచుకొని, ఫిన్ల సందులగుండా క్రిందికి దిగి, అడుగున ఉన్న ద్వారంగుండా వెలుపలికి పోవలెను. ఇంజను చుట్టూ అడ్డురేకులు కట్టి, రేకుకూ ముసుగుకూ మధ్య మెత్తని రబ్బరు పట్టీలు పెడతారు. పట్టీ కొన ఒత్తిడి ఉన్న వైపుకు వంగి ఉండవలెను. అప్పుడు గాలే దానిని ముసుగుకు అదిమి పట్టుతుంది. అటుకు బదులు ఇటు వంగితే గాలి దానిని తోసుకొని తప్పుదారిని పోతుంది. సిలిండరును ఒరయకుండ పోయిన గాలి దండుగ. లాంగ్లీలో పదవ ముసుగులోపల రేకులు కట్టి వీక్ బృందం తెలుసుకొన్నదీ, విమానశాలలో మెకానిక్కు నాకు చూపినదీ ఇదే.

కొత్తవారు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. ఇంజను వేడెక్కితే ముందరి రంధ్రాలు పెద్దవి చేస్తారు. పెరటి తలుపు మూసి ఉన్న ఇంటిలో వీథి తలుపు ఎంత బార్లా తెరిచినా గాలి ఆడదు. విమానంలోనైనా అంతే. బయటికి పోయే దారి ఎంతో, లోపలికి వచ్చే గాలి అంతే. చాలమంది చిక్కులు అడుగు ద్వారాన్ని సరిచేయడంతోనో, అడ్డురేకుల సందులు మూయడంతోనో తీరుతాయి.

సందులు ఎక్కడున్నవో కనిపెట్టడానికి రాత్రివేళ ముసుగు బిగించి, లోపల ఒక దీపం పెట్టి, దీపాలార్పిన షెడ్డులో వంగి చూస్తారు. వెలుతురు కారినచోట గాలి కూడ కారుతుంది. ఎగ్జాస్టు గొట్టానికి దగ్గరగా వచ్చే చోట ఫైబర్‌గ్లాస్ మాడకుండ తళతళలాడే రేకుకాగితం అంటిస్తారు. పెట్రోలు గొట్టాలు వేడిగాలిలో పడి, లోపలి పెట్రోలు బుడగలు కట్టి ఇంజను ఆగిపోకుండ వాటికీ తొడుగు వేస్తారు.

ఇంత జాగ్రత్త ఎందుకో మొదటిసారి నేల విడిచిననాడు తెలుస్తుంది. కొత్త ఇంజను, పూర్తి శక్తి, నిటారుగా ఎక్కడం, వేగం తక్కువ గనుక గాలి తక్కువ. సిలిండరు తల వేడిమిని చూపే ముల్లు పైకి పోతూ ఉంటుంది. అనేక లైకమింగ్ ఇంజనులకు దాటరాని హద్దు 260 డిగ్రీల సెంటిగ్రేడు. ఆ క్షణంలో చోదకుడు ఎవరినీ నిందించలేడు. ముసుగు కోసినది తానే, పట్టీ మడిచినది తానే. విమానపు ముక్కు క్రిందికి దించి, వేగం పెంచి, గాలి పట్టించి, ఏరోడ్రోము కనుచూపులోనే చక్కరుకొడుతూ ముల్లు దిగేదాక వేచి ఉండవలెను. అందుకే అమెరికా చట్టం ఇట్టి విమానానికి మొదటి 25 గంటలో 40 గంటలో ప్రయాణికులు లేకుండ, నిర్ణీత ప్రదేశంలోనే ఎగురుమని విధించినది.

ప్రతిసారి దిగిన తరువాత ముసుగు విప్పి లోపల చూస్తాడు. రబ్బరు పట్టీ ఒరసినచోట ముసుగు లోపలివైపున సన్నని మెరుపుగీత పడి ఉంటుంది. ఆ గీత తెగినచోట పట్టీ తగలడం లేదన్నమాట. అక్కడ ఒక ముక్క అతికి, మళ్ళీ బిగించి, మళ్ళీ ఎగురుతాడు. ఇట్లు కొన్ని పదుల గంటలు గడిచిన తరువాత ఒక ఉదయం ప్రొపెల్లరు తుడుస్తూ చూస్తే, తాను ఎత్తుగా వదిలిన స్పిన్నరు అణగి ముసుగుతో సమంగా వచ్చి ఉంటుంది.